పదిహేడో నంబరు ముద్ర

మా పెద్దమ్మ అరచేతులు ఎప్పుడూ నానినట్టే ఉండేవి. ఇరవై ఆరేళ్ళ పాటు, రోజుకి ఎనిమిది గంటలు నీళ్ళ తొట్టిలో ముంచిన చేతులవి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా వేళ్ళ చివర ముడతలు పోలేదు. అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. అప్పటినుంచి ఆ చేతులే నన్ను పెంచాయి. పెదనాన్న నేను పుట్టకముందే పోయాడు కాబట్టి క్వార్టర్స్‌లో మూడో అంతస్తు మీద రెండు గదుల్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం. జ్వరం వస్తే ఆ చెయ్యి నుదుటి మీద పెట్టించుకునేదాన్ని, చల్లగా ఉంటుందని. ఆ చేతికి నేను ద్రోహం చేశాను. ఎలా చేశానో చెబుతాను.

ఫ్యాక్టరీలో కిరసనాయిలు పంపు స్టవ్వులు తయారయ్యేవి. ఇత్తడి ట్యాంకు, మూడు కాళ్ళు, పక్కన గాలి కొట్టే పంపు. ట్యాంకుని రెండు చిప్పలుగా పోసి మధ్యలో అతికేవారు. ఆ అతుకు గట్టిదో కాదో చూడటమే పెద్దమ్మ పని. ట్యాంకులో గాలి కొట్టి, తొట్టిలో ముంచి, ముప్పై లెక్కపెట్టాలి. బుడగ వస్తే పక్కన పడేయాలి. రాకపోతే తుడిచి, వెనక కాలి అడుగున ఉక్కు ముద్ర ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. పరీక్ష చేసేవాళ్ళు ఎనిమిది మంది. పది నుంచి పదిహేడు దాకా ఎవరి నంబరు వాళ్ళకుండేది. పెద్దమ్మది పదిహేడు.

ముప్పై అన్నది గోడ మీద రాసిన నియమం. గోడ మీద రాసినవన్నీ చేస్తే ఇంకేముంది! పదమూడో నంబరాయన పది దాకా లెక్కపెట్టి తీసేసేవాడు. పన్నెండో నంబరావిడ కోడలి మీద చాడీలు చెబుతూ ముంచేది, చాడీ రసవత్తరంగా ఉన్న రోజు ముంచడమే మరిచిపోయేది. పెద్దమ్మ ఒక్కతే ముప్పై దాకా పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. అందుకని అందరూ ఆమెని ‘తొట్టమ్మ’ అని ఏడిపించేవారు. నెలాఖరున లెక్క పూర్తి చెయ్యాలని ఫోర్‌మన్ నెత్తిన కూర్చుని అరిస్తే, ఆమె ఇరవైలో ఉన్నదల్లా ఆగి, అతని మొహం చూసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

ఆ రోజులు బంగారు రోజులని నేను అనను. స్టవ్వు కోసం పేరు రాయించుకుని ఏడాదిన్నర ఎదురుచూడాలి. తీరా వస్తే బర్నరు ఉండదు, అది వచ్చే నెల వస్తుందనేవారు. అయినా దుకాణం ముందు వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు స్టవ్వు చేతికి రాగానే చేసే మొదటి పని దాన్ని తలకిందులు చెయ్యడం. కాలి అడుగున పదిహేడు కనిపిస్తే కళ్ళకద్దుకున్నంత పని చేసేవారు. పదమూడు కనిపిస్తే వెనకావిడతో మార్చుకోడానికి బేరం పెట్టేవారు. పెద్దమ్మ ఎవరో వాళ్ళకి తెలీదు. ఆ నంబరు వెనక ఒక ఆడమనిషి ఉందని, ఆమెకి వాన పడితే కీళ్ళు లాగుతాయని తెలీదు. నంబరు మాత్రం తెలుసు.

తర్వాత పైన ప్రభుత్వం మారింది. ఇకనుంచి అందరూ తమ కాళ్ళ మీద తామే నిలబడాలన్నారు. పనివాళ్ళే యజమానులంటూ తలా ఒక వాటా కాగితం ఇచ్చారు. ఆకుపచ్చ అంచుతో ముచ్చటగా ఉండేది. పెద్దమ్మ దాన్ని అలమరలో డబ్బాల కింద పరిచింది. ఆరు నెలలకి మిగతా కాగితాలన్నీ ఒకే మనిషి సంచిలోకి ఎలా చేరాయో మాకెవరికీ అర్థం కాలేదు. మాది మాత్రం నూనె మరకతో డబ్బాల కిందే ఉంది. ఫ్యాక్టరీ అమ్ముడైపోయింది, ప్రభుత్వం చేతులు దులుపుకుంది.

చివరి రోజున పనిముట్లన్నీ అప్పజెప్పమన్నారు. అప్పజెప్పేదెవరు? సుత్తులు, పట్టకార్లు, బల్బులు, ఆఖరికి తలుపు గడియలు కూడా అన్నం డబ్బాల్లో ఇళ్ళకి వెళ్ళిపోయాయి. పరీక్ష గదిలో మిగతా ఏడుగురూ తమ ముద్రలు పోయాయని చెప్పారు. పదమూడో నంబరాయన దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు, పన్నెండో నంబరావిడ కోపంతో మురిక్కాలవలో పారేసింది. పెద్దమ్మ మాత్రం తన ముద్రని కిరసనాయిలుతో కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టి స్టోరు గుమాస్తా చేతికిచ్చింది. ఇచ్చి ఊరుకోలేదు, రసీదు అడిగింది. ఆయన నవ్వాపుకుంటూ రాశాడు: ‘పదిహేడో నంబరు ఉక్కు ముద్ర, ఒకటి, మంచి స్థితిలో.’

“ఎవరు అడిగారు తొట్టమ్మా నిన్ను? గుర్తుగా ఉంచుకోవచ్చుగా!” అన్నాడు ఫోర్‌మన్.

“నాది కాని వస్తువు నాకెందుకు?” అంది పెద్దమ్మ.

ఆ రసీదు కూడా డబ్బాల కిందకే చేరింది.

రెండేళ్ళు గేటుకి తాళం ఉంది. పెద్దమ్మ కాలనీలో ఇంటింటికీ పాలు వేసింది. నేను చదువు మానేసి చీరల దుకాణంలో మడతలు పెట్టాను. మూడో ఏడు తాళం తీశారు. పాత పేరు, అట్టపెట్టె మీద పాత బొమ్మ, గేటు మీద కొత్త రంగు. ఉద్యోగం కోసం మొదటి రోజే పరిగెత్తాను. నన్ను పనిలో పెట్టుకున్నది పాత ఫోర్‌మనే. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి కదా, కంపెనీ చొక్కా తొడుక్కుని సూపర్‌వైజరు అయ్యాడు. నన్ను లోపలి బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, సొరుగులోంచి గుడ్డ మూట తీసి విప్పాడు.

చూడగానే తెలిసింది. ఏడు తోక దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. ఒకసారి నేలమీద పడి అలా అయిందని పెద్దమ్మ పదిసార్లు చెప్పి బాధపడేది.

“ఎనిమిదింట్లో ఇదొక్కటే దొరికింది,” అన్నాడాయన, నా మొహం చూడకుండా. “జనం కూడా పదిహేడే అడుగుతున్నారు. అన్నిటికీ ఇదే కొట్టు.”

“పరీక్ష ఎవరు చేస్తారు సార్?”

“ట్యాంకులు బయటినుంచి తయారై వస్తున్నాయమ్మా. అక్కడ చేసే ఉంటారు.” మూట నా వైపు తోసి, “ఇంట్లో చెప్పకు,” అన్నాడు.

తొట్లు పరీక్ష గదిలోంచి బయటపడి గేటు దగ్గర సిమెంటు బస్తాలు మోస్తున్నాయి. ట్యాంకు గోడ ఎంత పలచనంటే వేలితో తడితే డబ్బా మోత మోగేది. నేను కొట్టాను. మొదటి రోజు నాలుగు వందలు, తర్వాత ఆరు వందలు. ఆ పనే లేకపోతే మాకు గడవదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. నిజమైనంత మాత్రాన నిద్ర పట్టలేదు.

ఇంట్లో లేబుళ్ళు అతికించే పనని చెప్పాను. పెద్దమ్మ సంతోషపడింది. మొదటివారంలోనే టీ తాగుతూ అడిగింది: “తొట్టిలో నీళ్ళు రోజూ మారుస్తున్నారా? నీళ్ళు మురికైతే చిన్న బుడగలు కనబడవు.”

“మారుస్తున్నారు పెద్దమ్మా,” అన్నాను.

అంతే. నా జీవితంలో నేను ఆడిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, ఆ రెండు మాటలు ఒక ఎత్తు.

మా కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉండేది. అందరం మిషనక్క అనేవాళ్ళం. మాటకి ముందు నవ్వు, చేతికి ఎప్పుడూ సూదుల దిండు. ఆమె కొత్త స్టవ్వు కొనాలనుకుంటూ ఒకరోజు దుకాణంలో ఒకటి తీసుకుని, నచ్చకపోతే తిరిగిచ్చేస్తానని చెప్పి, నేరుగా మా ఇంటికి పట్టుకొచ్చింది.

“పిన్నిగారూ, ఇది ఎలా ఉందో చెప్పండి. మీరు సరేనంటేనే ఉంచుకుంటా.”

పెద్దమ్మ స్టవ్వుని తలకిందులు చేసింది. బొటనవేలితో కాలి అడుగు తడిమింది. ఏడు తోక దగ్గర వేలు ఆగింది. నేను కిటికీ దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడి చూస్తున్నాను. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను. ఆమె మొహం విచ్చుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇది నాదే! నా ముద్రే!” అంది. “నేనిచ్చింది జాగ్రత్త చేశారే! ఎవరికో ఇచ్చారు. ఎవరో నా చోట కూర్చుని ముంచుతున్నారు. అవునా?” అని నా వైపు తిరిగింది.

నేను తలూపాను.

“కళ్ళు మూసుకుని కొనుక్కో,” అంది మిషనక్కతో. ఆ సాయంత్రం మెట్ల మీద ఎదురైన ప్రతి మనిషికీ అదే చెప్పింది. పదిహేడు ఇంకా బతికే ఉందని, కొత్తవాళ్ళయినా పద్ధతి తప్పలేదని, ఊరికే ఆడిపోసుకున్నామని. ఇన్నాళ్ళూ పాలక్యాను మోస్తూ వంగిన మనిషి ఆ వారమంతా నిటారుగా నడిచింది. ఆమెని అలా చూస్తుంటే నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిరికితనానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

నెల తిరక్కుండానే, ఒక ఉదయం, నేను పనికి బయల్దేరుతుంటే కింద వాటాలోంచి డబ్బా పగిలిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే కేక. నేను దిగేసరికి మిషనక్క గుమ్మంలో కుడి చెయ్యి ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. మోచేతి దాకా చర్మం మారిపోయింది. గుడ్డముక్కల కుప్ప అంటుకుంటే పొరుగువాళ్ళు దుప్పట్లు కప్పి ఆర్పుతున్నారు. స్టవ్వు మూలకి దొర్లి పడి ఉంది, అతుకు విచ్చుకుని.

ప్రాణం దక్కింది. కుడిచేతి మూడు వేళ్ళు మాత్రం మళ్ళీ మడత పడవన్నారు. మిషనక్క ఎవరినీ తిట్టలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక మమ్మల్ని చూసి, “నా తలరాత పిన్నిగారూ, మీరేం చేస్తారు? మీ నంబరు చూసే కదా కొన్నాను,” అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఫిర్యాదు చేద్దామని తూనికలు, నాణ్యతల ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ పరదాల దుకాణం ఉంది. ఆఫీసు ఎక్కడికి మారిందని అడిగితే, అసలు ఉందా అని ఎదురు అడిగారు.

పెద్దమ్మ మా ఎదురు వాటావాళ్ళ కొత్త స్టవ్వు అడిగి తెచ్చింది. దానికీ పదిహేడే. నూనె ఒంపేసి, బర్నరు విప్పి, రంధ్రానికి బిరడా బిగించి, గాలి కొట్టింది. బకెట్‌లో ముంచింది. పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర అతుకులోంచి సన్నటి బుడగల దారం పైకి లేచింది. ఆమె చెయ్యి తియ్యలేదు. బుడగలు ఆగిపోయేదాకా అలాగే పట్టుకుని చూసింది.

“తొట్టిలో నీళ్ళు రోజూ మారుస్తున్నారన్నావు,” అంది.

“తొట్టే లేదు పెద్దమ్మా.”

“మరి ఈ దెబ్బ కొడుతున్నదెవరే?”

ఆమె తడి చేత్తో నా కుడి చెయ్యి అందుకుని తిప్పింది. సుత్తి పట్టు ఆనే చోట, సరిగ్గా ఆమెకున్న చోటే, నాకూ కాయ కాసింది. బొటనవేలితో దాన్ని తడిమింది. ఆ రోజు స్టవ్వు కాలిని తడిమినట్టే.

“కొట్టేముందు ఒక్కదాన్నైనా చూశావా?”

“రోజుకి ఆరు వందలు పెద్దమ్మా. టైముండదు.”

“ముప్పై లెక్కపెట్టడానికి ఎంతసేపు పడుతుందే?” అంది. నా మొహంలోకి చూస్తూ ఒకటి నుంచి పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొందరపడలేదు, గొంతు పెంచలేదు. నేను చెయ్యి లాక్కోలేక, తలెత్తలేక కూర్చున్నాను. ముప్పై అనేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. నన్ను ఒక దెబ్బ వేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, డబ్బాల కింది నుంచి రసీదు తీసుకుని ఫ్యాక్టరీకి వచ్చింది. మేనేజరు నా వయసువాడే. మర్యాదగా కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. పెద్దమ్మ రసీదు బల్ల మీద పెట్టి, “నా ముద్ర నాకిచ్చెయ్యండి బాబూ,” అంది.

ఆయన రసీదు రెండుసార్లు చదివాడు. “ఇది మీరు కంపెనీకి ఇచ్చినట్టు కాయితమమ్మా. మీది కాదనే కదా ఇచ్చారు?” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. 

“పరీక్ష చెయ్యకుండా ఆ నంబరు కొట్టకండి. ఒక మనిషి చెయ్యి కాలింది.”

“చాలా బాధాకరమమ్మా. కానీ ఒక్కోదానికి అంతసేపు పెడితే బయటి సరుకుతో పోటీ పడలేం. మూసేస్తే మళ్ళీ మీవాళ్ళే రోడ్డున పడతారు,” అన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టు ముందుకి వంగి, “మీరేనా పదిహేడు? అయితే మీ ఫోటో పెట్టె మీద వేద్దామా? జనానికి నమ్మకం ఇంకా పెరుగుతుంది!” అన్నాడు.

పెద్దమ్మ టీ ముట్టకుండా లేచి వచ్చేసింది. గేటు దగ్గర సిమెంటు బస్తాల కింద తన తొట్టిని చూసి కాసేపు ఆగిందని కాపలావాడు తర్వాత చెప్పాడు.

ఆ సాయంత్రం ముద్రని అన్నం డబ్బాలో పెట్టుకుని నేను బయటికి వచ్చాను. సూపర్‌వైజరు చూశాడు. డబ్బా కేసి చూసి, తల పక్కకి తిప్పుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన మంచి పని అదొక్కటే అయ్యుంటుంది. ఇంటికెళ్ళి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని నూనెతో తుడిచింది. అలవాటు కొద్దీ గుడ్డ వెతికి చుట్టింది.

“ఆ రోజు అందరిలాగే నేనూ దొంగతనం చేసి ఉంటే,” అంది, “మిషనక్క చెయ్యి బాగుండేది.”

నేను మళ్ళీ పనికి వెళ్ళలేదు. ముద్ర లేకపోతే పదిహేడు ఆగిపోతుందని మా ఇద్దరి నమ్మకం. పిచ్చి నమ్మకం. మూడు వారాలకి దుకాణంలో కొత్త సరుకు దిగింది. పెద్దమ్మ స్టవ్వు తలకిందులు చేసింది. పదిహేడు ఉంది. కాళ్ళు అచ్చువేసేటప్పుడే నంబరు కూడా పడేట్టు చేశారు. ఏడు తోక దగ్గర ఊడిన పెచ్చుతో సహా. ఇక దానికి మనిషి చెయ్యే అక్కర్లేదు.

ఆ రోజునుంచి ఆమె మెట్ల కింద ఒక తొట్టి పెట్టుకుని కూర్చుంది. కాలనీలో ఎవరి స్టవ్వు అయినా తెమ్మనేది, ముంచి చూసేది. అతుకు వదులైతే కాలి మీద నంబరుని ఆకురాయితో గీకేసేది. కొన్నాళ్ళు వచ్చారు. తర్వాత, వంట ఆపుకుని మూడంతస్తులు మోసుకొచ్చేదెవరు? తొట్టమ్మకి చాదస్తం పట్టుకుందన్నారు. మిషనక్క ఒక్కతే రోజూ వచ్చి, ఎడంచేత్తో కాజాలు కుట్టడం నేర్చుకుంటూ పక్కన కూర్చునేది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో నాకు తెలీదు. నేను వెళ్తే మాట మార్చేవారు.

మూడో వానాకాలం పెద్దమ్మ మంచం పట్టింది. మగతలో పెదవులు కదిలేవి. ఒకటి, రెండు, మూడు. అక్కడ ఆగి కళ్ళు తెరిచేది. మళ్ళీ ఒకటి. ఇరవై ఆరేళ్ళు లక్షలసార్లు ముప్పైకి చేరిన మనిషి, ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా మూడు దాటలేదు. నేను పక్కన కూర్చుని, “నాలుగు పెద్దమ్మా, నాలుగు,” అని అందించేదాన్ని. వినేది కాదు. నానిన చెయ్యి నా చేతిలో ఉండగానే పోయింది.

అది జరిగి ఆరేళ్ళయింది. మొన్న సామాన్ల దుకాణంలో ఒక తల్లి, పెళ్ళి కుదిరిన కూతురికి స్టవ్వు చూపిస్తోంది. తలకిందులు చేసి, “ఇదిగో, పదిహేడు ఉందా లేదా చూసుకోవాలి. మా అమ్మ చెప్పేది. దీనికి తిరుగులేదు,” అంది. పిల్ల బుద్ధిగా వేలితో తడిమింది.

ఒకసారి నోరు మూసుకున్న ఫలితం నాకు తెలుసు. దుకాణదారుని బకెట్ నీళ్ళు అడిగాను. ఆయన విసుక్కుంటూనే ఇచ్చాడు. బర్నరు విప్పి, రంధ్రానికి బిరడా బిగించి, గాలి కొట్టి, ట్యాంకు ముంచాను. జాకెట్టు చేతులు తడిసిపోయాయి. చుట్టూ నలుగురు చేరారు. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టాను. మూడు దగ్గర వంగి అతుకు కేసి చూశాను. బుడగ రాలేదు. పది. రాలేదు. ముప్పై దాకా నీళ్ళు కదల్లేదు.

“చూశావా అమ్మా, నేను చెప్పలా?” అంది ఆ తల్లి నవ్వుతూ. పిల్ల కూడా నవ్వింది. స్టవ్వు తుడుచుకుని వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి ఇరుగుపొరుగుకి కూడా చెబుతారు, పరీక్ష చేయించి మరీ తెచ్చామని.

అరమీద ఇంకో పదకొండు ఉన్నాయి. రెండోదాన్ని అందుకోబోయాను. దుకాణదారు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, బకెట్‌లో నీళ్ళు వీధిలోకి పారబోశాడు.

“ఒకటి చూశారుగా అమ్మా,” అన్నాడు. “అన్నీ అదే నంబరు.”